మీసాల బాబాయి చేతికట్టు

మా వీధి సెలూన్ బాబాయిని కొత్తవాళ్ళు ఎవరూ దారి అడగకూడదు. ఇది మా వీధిలో చిన్నపిల్లలకు కూడా తెలిసిన జాగ్రత్త. పోస్టాఫీసు ఎటు అని అడిగితే చాలు, ఆయన చేతిలో పని పక్కన పెట్టి బయటికి వచ్చి, అడిగినవాడి భుజమ్మీద చెయ్యి వేసి, "ఇలా తిన్నగా వెళ్ళి ఎడమచేతి వైపు తిరుగు నాయనా" అని ఎంతో ప్రేమగా చెబుతాడు. ఆ ప్రేమకు లొంగి ఎడమవైపు తిరిగినవాడు కట్టెల అడితిలో తేలతాడు. పోస్టాఫీసు కుడివైపు.

పాపం, ఆయన తప్పు కాదు. జీవితంలో మూడు వంతులు అద్దంలోకి చూస్తూ గడిపిన మనిషి. ఆయన షాపు ఒక ఇరుకు, పొడుగాటి గది, దాని చివరి తలుపు తెరిస్తే ఆయన ఇల్లు. ఒక గోడ నిండా అద్దం. అద్దం ముందు రెండు కుర్చీలు. వెనక గోడకు ఆనించి ఒక చెక్క బల్ల. వంతు కోసం చూసేవాళ్ళం ఆ బల్లమీద కూర్చుంటాం. అక్కడ మాటలన్నీ అద్దంలోనే నడుస్తాయి. బాబాయి నన్ను పలకరించాలంటే వెనక్కి తిరగడు, అద్దంలో ఉన్న నన్ను పలకరిస్తాడు. నేనూ అద్దంలో ఉన్న ఆయనకే జవాబు చెబుతాను. ఒకసారి మార్కెట్లో ఎదురుపడితే నన్ను పైనుంచి కిందకు చూసి, గుర్తుపట్టక పక్కకు తప్పుకున్నాడు. నేనే ఆపి పలకరించాను. "నువ్వా అబ్బాయ్, పాపిడి అటు మార్చావేం?" అన్నాడు. పాపిడి ఎప్పుడూ అటే ఉంది. ఆయనే నన్ను ఎప్పుడూ నేరుగా చూడలేదు.

యాభై దాటిన నన్ను అబ్బాయ్ అని పిలిచేది ఈ లోకంలో ఇప్పుడు ఆయనొక్కడే. అందుకే ఆ షాపు వదలలేను. ఇంకో కారణం కూడా ఉంది. కటింగ్ అయ్యాక బాబాయి అందరికీ చిన్న చేతి అద్దం వెనకవైపు పట్టి, "చూసుకో నాయనా" అంటాడు. నాకు మాత్రం కొన్నేళ్ళుగా ఆ అద్దం పట్టడం మానేశాడు. నేనూ అడగడం మానేశాను. నెత్తి వెనక ఏదో జరుగుతోందని ఇద్దరికీ తెలుసు. దాని గురించి ఎత్తకూడదన్నది మా ఇద్దరి మధ్య నోరు విప్పకుండా కుదిరిన ఒప్పందం.

ఇక ఆయన మీసం. మీసాల బాబాయి అని బోర్డుమీద రాసి లేదు కానీ ఊళ్ళో అదే పేరు. రెండు చివర్లూ బుగ్గలమీద చక్కగా మెలిక తిరిగి, కస్టమరు చెవిలో ఆయన ఏదైనా రహస్యం చెబుతుంటే ముందు మీసమే వెళ్ళి చెవిలో దూరేది. "నాకంటే దాన్నే ఎక్కువ దువ్వుకున్నారు" అని పిన్ని, అంటే బాబాయి భార్య, అందరి ముందూ అనేది. ఆవిడ పొద్దున పదకొండు ప్రాంతంలో టీ ఫ్లాస్కు పట్టుకుని వచ్చి, బల్లమీద ఎంతమంది ఉంటే అందరికీ పోసి వెళ్ళేది.

నెలకోసారి బాబాయి షాపుకు సెలవు పెట్టి, చేతిసంచీలో సామాను సర్దుకుని జైలుకు వెళ్ళేవాడు. అక్కడివాళ్ళకు కటింగులు చేసి సాయంత్రానికి తిరిగొచ్చేవాడు. భయం వేయదా బాబాయ్ అని అడిగితే నవ్వేవాడు.

"మీకంటే వాళ్ళే నయం అబ్బాయ్. ఎవడూ తొందరపెట్టడు. ఎవడికీ బస్సు తప్పిపోయే పని లేదు."

అక్కడ పని నేర్చుకుంటామన్న నలుగురైదుగురికి ఆయన కత్తెర పట్టడం నేర్పాడు. వాళ్ళలో ఒకడి గురించి తరచూ చెప్పేవాడు. "చెయ్యి మెత్తన, మాట తక్కువ. మన పనికి ఈ రెండూ ఉంటే చాలు. నాకు మొదటిదే ఉంది" అనేవాడు. అతనికి మాట కూడా ఇచ్చాడట, బయటికి రాగానే నా దగ్గరికి రా, రెండో కుర్చీ ఖాళీగానే ఉంది అని. నిజానికి ఖాళీ కాదు. ఆ కుర్చీలో షాపు పిల్లి పడుకునేది.

ఒకరోజు పొద్దున వెళ్ళేసరికి పిల్లి బల్లమీద మా మధ్య కూర్చుని ఉంది. రెండో కుర్చీ వెనక, భుజమ్మీద తువ్వాలు వేసుకుని, ముప్పై అయిదేళ్ళ మనిషి ఒకడు నిలబడి ఉన్నాడు. సన్నగా, కొంచెం వంగినట్టు ఉన్నాడు. ఆ రోజు నుంచి అతను మాకు కొత్తాయన. షాపులో ఇప్పుడు అతనికంటే కొత్త కుర్చీలున్నాయి, కొత్త ఫ్యానుంది, అయినా అతను ఇప్పటికీ కొత్తాయనే.

బాబాయి ఏమీ దాచలేదు. "దాస్తే ఎప్పటికైనా బయటపడుతుంది. అప్పుడు తప్పు నాది కూడా అవుతుంది" అని, వచ్చిన ప్రతివాడికీ కత్తెర ఆడిస్తూ తనే చెప్పేశాడు. అతను ఒక వర్క్‌షాపులో పనిచేసేవాడు. మాటా మాటా పెరిగి, పక్కన పనిచేసేవాణ్ణి స్క్రూడ్రైవరుతో పొడిచాడు. ఆ మనిషి బతికాడు. ఒక చెయ్యి మాత్రం భుజం దాటి పైకి లేవదు. జైలు నుంచి రాగానే కొత్తాయన మొట్టమొదట వెళ్ళింది ఆ మనిషి ఇంటికే. ఆయన తలుపు తీయలేదు. "తీయాలని ఎక్కడుంది బాబాయ్" అన్నాడట తిరిగొచ్చి. అంతకుమించి ఆ సంగతి ఎత్తలేదు.

చెప్పింది విన్నాం. తలలూపాం. తలూపినవాళ్ళెవరూ ఆ తలను తీసుకెళ్ళి రెండో కుర్చీలో పెట్టలేదు.

మా పండ్ల దుకాణం ఆయన మంచివాడే. బాబాయి "అటు కూర్చో, అటు ఖాళీ" అంటే, "నాకు ఆ పక్క ఫ్యాను గాలి పడదు బాబాయ్" అన్నాడు. ఫ్యాను ఒకటే, రెండు కుర్చీలకూ సరిగ్గా మధ్యలో ఉంది. మరొకాయన తన మెడమీద సెగ్గడ్డ లేచిందని, అది బాబాయి చేతికి అలవాటు పడిందని అన్నాడు. సెగ్గడ్డలు చేతులకు అలవాటు పడతాయని అప్పుడే తెలిసింది.

నా వంతూ వచ్చింది. బాబాయి అద్దంలో నాకేసి చూసి రెండో కుర్చీ చూపించాడు.

"వద్దులే బాబాయ్, జుట్టు పెంచుతున్నాను."

"ఎక్కడ నాయనా?"

బల్లమీద ఉన్నవాళ్ళందరూ నవ్వారు. నేనూ నవ్వాను, నవ్వక చస్తానా. కొత్తాయన మాత్రం నవ్వలేదు. కుర్చీలో ఉన్న దుమ్ము దులిపాడు. దుమ్మేమీ లేదు. పొద్దుట్నుంచి దులుపుతూనే ఉన్నాడు.

అసలు వ్యతిరేకత అంతా రిటైర్డు హెడ్మాస్టరుది. ఆయనకు సాకులు చెప్పడం చేతకాదు. బడిలో ఉన్నకాలంలో తోటివాళ్ళను కొట్టినందుకంటే అబద్ధం చెప్పినందుకే ఎక్కువమందిని కొట్టిన మనిషి. ఇంట్లో ఉండి లేనని చెప్పించడం కూడా ఎరగడు. బీమా ఏజెంటు వస్తే తలుపు తీసి, ఉన్నాను కానీ నీతో మాట్లాడను అని చెప్పి తలుపేసుకుంటాడు. ఆయన సూటిగానే అన్నాడు.

"పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదు బాబాయ్. ముప్పై అయిదేళ్ళు పిల్లల్ని చూశాను. మొదటి బల్లమీద దొంగతనం చేసినవాడు చివరి బల్లకు వెళ్ళినా చేస్తాడు. నా గొంతు దగ్గర ఆ చెయ్యి కత్తి పట్టుకుంటే నేను ఊరుకోలేను. అతని ముందే చెబుతున్నా, వెనక చెప్పడం నాకు రాదు."

కొత్తాయన తల దించుకుని కత్తెర తుడుచుకుంటున్నాడు. బాబాయి కత్తెర ఆపకుండా అన్నాడు.

"ఆయన మారాడో లేదో నాకు తెలుసు మాస్టారూ. మీరు మారతారో లేదో, అదే తెలీడంలేదు."

"నేనెందుకు మారాలయ్యా? నేనెవర్ని పొడిచాను?"

బాబాయి కత్తెర ఆగిపోయింది. మాస్టారు మాత్రం గెలిచినందుకు సంతోషించినట్టు కనపడలేదు.

మర్నాటి నుంచి బాబాయి కొత్త పద్ధతి మొదలుపెట్టాడు. షాపు తెరవగానే, అందరూ బల్లమీద చేరేదాకా ఆగి, తానే వెళ్ళి రెండో కుర్చీలో కూర్చునేవాడు. మెడ వెనక్కి వాల్చి, "కానీ నాయనా" అనేవాడు. కొత్తాయన నురగ పట్టించి గడ్డం గీసేవాడు. చెయ్యి నిజంగానే మెత్తన. కత్తి చప్పుడు కూడా వినపడేది కాదు. అయ్యాక బాబాయి బుగ్గలు తడుముకుంటూ బల్ల ముందు అటూ ఇటూ నడిచేవాడు, బట్టల దుకాణంలో గుడ్డ పట్టి చూడమన్నట్టు. "చూడండి, ఒక్క గాటు లేదు" అనేవాడు. మేము తడిమి చూసి, భేష్ అని, మొదటి కుర్చీకే వరుస కట్టేవాళ్ళం.

గడ్డం రోజుకొక్కసారే పెరుగుతుంది. ప్రకృతి ఆ విషయంలో బాబాయికి సాయం చేయలేదు. అందుకని మధ్యాహ్నం కొత్త కస్టమర్లు రాగానే మళ్ళీ వెళ్ళి కటింగ్‌కు కూర్చునేవాడు. జుట్టు పొట్టిదయింది. ఆ తర్వాత ఇంకా పొట్టిదయింది. ఒకరోజు గుండయింది. ఆ పైన కనుబొమలు సర్దించుకున్నాడు, చెవుల్లో వెంట్రుకలు తీయించుకున్నాడు. పండ్లాయన నాతో గుసగుసగా, "ఇంకో వారం ఇలాగే సాగితే బాబాయి పుట్టిన రోజున ఎలా ఉన్నాడో అలా తయారవుతాడు" అన్నాడు.

చివరికి మీసం మిగిలింది.

ఆ పొద్దున బాబాయి కుర్చీలో కూర్చుని మీసం చూపించాడు. కొత్తాయన రెండడుగులు వెనక్కి వేశాడు.

"వద్దు బాబాయ్. అది నా వల్ల కాదు."

"గీయవయ్యా. నా దగ్గర ఇంకేం మిగిలింది?"

గీశాడు. పిల్లి కూడా లేచి కూర్చుంది. అంతలో పిన్ని ఫ్లాస్కుతో వచ్చి, గుమ్మంలో నిలబడి, లోపలంతా చూసి, "ఆయన ఎటు వెళ్ళారు?" అని అడిగింది. కుర్చీలోంచి బాబాయి నెమ్మదిగా చెయ్యెత్తాడు. పిన్ని ఫ్లాస్కు కింద పెట్టి బల్లమీద కూలబడి, కళ్ళలో నీళ్ళు వచ్చేదాకా నవ్వింది.

"ఇన్నేళ్ళ కాపురంలో నీ పై పెదవి చూడటం ఇదే మొదలు" అంది. ఎప్పుడూ మీరు అనే మనిషి, ఆ నవ్వులో నువ్వు అనేసింది. "ఇంతకాలం దాచి మంచిపనే చేశావు."

మేమందరం బాబాయి త్యాగాన్ని మనసారా మెచ్చుకున్నాం. ఇలాంటి మనిషి కోటికొకడని పండ్లాయన అన్నాడు. మెచ్చుకుని, ఎప్పటిలాగే మొదటి కుర్చీ కోసం కూర్చున్నాం. ఇక్కడ ఒక నిజం చెప్పాలి. బాబాయి ఎంత గొప్పవాడని తేలితే మాకు ఆ కుర్చీలో కూర్చోవడం అంత కష్టమైంది. ఇప్పుడు వెళ్ళి కూర్చుంటే, ఇన్నాళ్ళూ ఎందుకు కూర్చోలేదు అన్న ప్రశ్న వస్తుంది. కొత్తాయన కత్తికి భయపడటం ఎప్పుడో మానేశాం. ఒకరికొకరం భయపడుతున్నాం. ముందు లేచినవాడివైపు మిగతావాళ్ళు అద్దంలో చూస్తారు కదా, ఆ చూపుకు.

ఈలోగా ఎదురుగా టీ కొట్టు దగ్గర ఒక మోటారు సైకిలు ఆగడం మొదలైంది. ఇద్దరు దిగేవాళ్ళు, టీ తాగేవాళ్ళు, షాపుకేసి చూస్తూ హారన్ కొట్టేవాళ్ళు. కొత్తాయన పాత స్నేహితులు. మొదట్లో అతను బయటికి చూసేవాడు కాదు. తర్వాత చూడటం మొదలుపెట్టాడు. ఒక సాయంత్రం బల్లమీద నేనొక్కణ్ణే ఉండగా బాబాయితో అన్నాడు.

"ఈ ఆదివారం దాకా చూస్తాను బాబాయ్. నీ తలమీద ఇంకేం లేదు. ఊరికే కూర్చోబెట్టి అన్నం పెడుతున్నావు, ముద్ద దిగడం లేదు. వాళ్ళ దగ్గర పని ఉందంట."

"ఏం పని?"

"అడగలేదు."

"అడక్కుండానే తెలిసే పనన్నమాట."

హారన్ మళ్ళీ మోగింది. బాబాయి అద్దంలో తన మొహం చూసుకున్నాడు. మీసం ఉండాల్సిన చోట చెయ్యి వేసి, అక్కడ ఏమీ దొరక్క, ముక్కు రుద్దుకుని ఊరుకున్నాడు.

రెండు రోజులు గడిచాక, శనివారం పొద్దున, షాపు తెరిచేసరికి బాబాయి కుడిచేతికి మణికట్టు నుంచి వేళ్ళదాకా తెల్లటి కట్టు.

"బాత్రూములో జారాను అబ్బాయ్. డాక్టరు కత్తెర ముట్టుకోవద్దన్నాడు. ఇక అంతా ఆయనే చేయాలి" అని కొత్తాయనవైపు తల ఊపాడు. పిన్ని ఆ రోజు టీ పోస్తూ ఎవరి మొహమూ చూడలేదు. కట్టు మాత్రం చాలా శ్రద్ధగా, చివర్లో చిన్న పువ్వులా ముడి వేసి ఉంది. డాక్టర్లు అలా వేయరు.

శనివారం వచ్చినవాళ్ళందరూ అయ్యో అన్నారు. చెయ్యి తగ్గాక వస్తాంలే అని వెళ్ళిపోయారు. కొత్తాయన రోజంతా బాబాయికే సేవ చేశాడు. చొక్కా బొత్తాలు పెట్టాడు, టీ గ్లాసు నోటికందించాడు, నొప్పి తైలం ఎక్కడిదో తెచ్చి వేళ్ళకు రాశాడు. అతను నిజంగా నమ్మాడు. మేమూ నమ్మాం. అబద్ధం చెప్పడంలో బాబాయికి మంచి పేరు లేదు మరి.

ఆదివారం బల్ల నిండిపోయింది. ఎవరికీ కటింగ్ జరుగుతుందన్న ఆశ లేదు కానీ, ఆదివారం పొద్దున ఇంట్లో ఉంటే ఏదో ఒక పని చెబుతారు. పండ్లాయన వచ్చాడు. నేనొచ్చాను. సోమవారం మా ఆఫీసులో గుర్తింపు కార్డులకు ఫోటోలు తీస్తారు. "ఆ తలతో వెళితే కార్డుమీద మీ పేరుకు బదులు 'దొరికితే తెలియజేయండి' అని రాస్తారు" అని మా ఆవిడ గుమ్మం దాకా వచ్చి మరీ చెప్పింది. హెడ్మాస్టరు కూడా వచ్చాడు, మూడు రోజుల తెల్లగడ్డంతో. బస్టాండు దగ్గర అద్దాల తలుపుల సెలూన్‌కు ఒకసారి వెళ్ళి వచ్చాడు ఆయన. "అక్కడ పాట పెడతారు. పాట మారినప్పుడల్లా కత్తెర దారి మారుతుంది" అని చెప్పాడు. ఆయన చెవుల దగ్గర జుట్టు ఆ మాటకు సాక్ష్యం.

బాబాయి వెనక ఇంట్లోంచి వచ్చాడు. గుమ్మంలో నిలబడి కొంచెం మూలిగి, "ఇవాళ ఇంకా సలుపుతోంది" అని కట్టు ఉన్న చెయ్యి ఎత్తి చూపించాడు.

ఎడమ చెయ్యి.

పిన్ని పొద్దున ఏదో పనిలో ఉంటే, కట్టు తనే కట్టుకున్నాడు. శనివారమంతా అద్దంలో తనకు ఎదురుగా నిలబడి ఉన్న మనిషిని చూశాడు. ఆ మనిషికి కట్టు ఎడమచేతికి ఉంది. అదే గుర్తుపెట్టుకున్నాడు. పోస్టాఫీసుకు దారి చెప్పినట్టే తన నొప్పికి కూడా దారి చెప్పుకున్నాడు.

మా చూపులన్నీ అద్దంలోకి వెళ్ళాయి. పండ్లాయన నన్ను చూశాడు. నేను మాస్టారును చూశాను. మాస్టారు బాబాయి చేతిని చూస్తున్నాడు. బాబాయి కుడిచేత్తో స్టూలు మీది గ్లాసు అందుకుని హాయిగా టీ తాగుతున్నాడు. ఫ్లాస్కు పట్టుకుని వెనకే వచ్చిన పిన్ని ఆ దృశ్యం చూసి, కింది పెదవి పళ్ళతో నొక్కిపట్టి పిల్లిని నిమరడం మొదలుపెట్టింది.

కొత్తాయన కూడా చూశాడు.

ముందు అతనికి అర్థం కాలేదు. తర్వాత మొహం మారిపోయింది. నిన్న తైలం రాసిన వేళ్ళు ఏవో గుర్తొచ్చి ఉంటాయి. భుజమ్మీది తువ్వాలు తీసి, నాలుగు మడతలు పెట్టి, రెండో కుర్చీ చేతిమీద ఉంచాడు.

"నేను వెళ్తాను బాబాయ్."

"ఎక్కడికి?" అన్నాడు బాబాయి, ఇంకా ఏమీ తెలియక.

"నువ్వు ఏ రోజూ అబద్ధం ఆడలేదు. నా తప్పు కూడా దాచకుండా అందరికీ చెప్పావు. నాకదే నచ్చింది. ఇప్పుడు నా కోసం..." అని, మిగతాది అనలేక, కట్టుకేసి చూశాడు.

బాబాయి తన చెయ్యి తను చూసుకున్నాడు. ఇంకో చెయ్యి చూసుకున్నాడు. టీ గ్లాసు ఎక్కడ పెట్టాలో తెలియక చేతులు రెండూ గాల్లో పెట్టుకుని నిలబడిపోయాడు. మీసం ఉంటే దాని వెనక దాక్కునేవాడేమో. ఆ పై పెదవి ఏదీ దాచలేదు. అది వణికింది.

సరిగ్గా అప్పుడే బయట హారన్ మోగింది.

కొత్తాయన గుమ్మంవైపు కదిలాడు. అతను గుమ్మం దాటితే ఎటు వెళతాడో మాలో ప్రతివాడికీ తెలుసు. బయట ఇద్దరు ఒక మనిషిని ఎక్కించుకుపోవడానికి కాచుక్కూర్చున్నారు, లోపల పదిమంది మంచివాళ్ళం బల్లమీద కూర్చుని ఉన్నాం.

బల్ల కిర్రుమంది. హెడ్మాస్టరు లేచాడు.

"ఆగవయ్యా. ఎక్కడికా పరుగు?" అని గద్దించాడు. బడి గొంతు అది, ఆ గొంతుకు ఎవరైనా ఆగుతారు. కొత్తాయన ఆగాడు. మాస్టారు బాబాయి దగ్గరికి నడిచి, కట్టు ఉన్న చేతిని పరీక్షగా చూసి, లేని చేతిని ఇంకా పరీక్షగా చూశాడు.

"నిన్న ఆ చెయ్యి కదూ నొప్పి?"

"అవును మాస్టారూ."

"ఇవాళ ఈ చేతికి వచ్చిందన్నమాట."

బాబాయి కట్టు ఉన్న చెయ్యి వెనక్కి పెట్టుకున్నాడు.

"వస్తుంది" అన్నాడు మాస్టారు. అందరికీ వినపడేలా, నోట్సు చెప్పినట్టు చెప్పాడు. "బెణుకు నొప్పి ఒక చేతి నుంచి ఇంకో చేతికి పాకుతుంది. నేను చదివాను."

పండ్లాయన ఉండబట్టలేక, "ఎక్కడ చదివారు మాస్టారూ?" అన్నాడు.

"పుస్తకంలో" అని ఉరిమి చూశాడు మాస్టారు. "రెండు చేతులూ పడిపోయాక ఇక నీతో ఏం పని బాబాయ్? నాకు గడ్డం దురద పెడుతోంది. ఏమయ్యా, ఆ తువ్వాలు తియ్యి." అని వెళ్ళి రెండో కుర్చీలో కూర్చున్నాడు.

ఆయన జీవితంలో ఆడిన మొదటి అబద్ధం అదేనని నా నమ్మకం. ఆ పనికి కొత్త కాబట్టి పెద్దదే ఆడాడు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

కొత్తాయన గుమ్మం దగ్గర్నుంచి వెనక్కి వచ్చాడు. తర్వాత తువ్వాలు మడతలు విప్పి మాస్టారు మెడచుట్టూ వేశాడు. నురగ పట్టించాడు. కత్తి తెరిచాడు. బుగ్గ దాకా తెచ్చి ఆపాడు. బాబాయికి గడ్డం గీసినన్నాళ్ళూ ఎక్కడా ఆగని చెయ్యి. అద్దంలో మాస్టారు కళ్ళు ఆ కత్తిమీదే ఉన్నాయి.

"కళ్ళు మూసుకోండి మాస్టారూ."

"ఎందుకు?"

"మీరలా చూస్తుంటే నాకు భయంగా ఉంది."

"నాకూ భయంగానే ఉంది. అందుకే చూస్తున్నా."

ఇద్దరూ అద్దంలో ఒకరినొకరు చూసుకున్నారు. అంతమంది పిల్లల అబద్ధాలు పట్టుకున్న కళ్ళు అవి. ఏం చూశాయో, మూసుకున్నాయి. తల వెనక్కి వాలింది. గొంతు మొత్తం బయటికి వచ్చింది.

కత్తి దిగడం మొదలైంది. ఒక బుగ్గ అయింది. గడ్డం కింది భాగం అయింది. కాసేపటికి షాపులో ఇంకో చప్పుడు వినపడింది. చిన్న గురక. తర్వాత కొంచెం పెద్ద గురక. గురకతోపాటు గొంతు పైకీ కిందకీ ఊగుతుంటే, కొత్తాయన అది దిగేదాకా ఆగి ఒక గీత గీసి, మళ్ళీ ఆగుతున్నాడు.

బయట హారన్ మళ్ళీ మోగింది. ఈసారి బాగా పొడుగ్గా.

కొత్తాయన కత్తి చేత్తోనే గుమ్మం దాకా వెళ్ళాడు. వేలు పెదవులమీద పెట్టుకుని, టీ కొట్టు వైపు చూసి, గొంతు తగ్గించి అన్నాడు.

"హారన్ కొట్టకండి. మాస్టారు నిద్రపోతున్నారు."

వాళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. కొత్తాయన లోపలికి వచ్చి రెండో బుగ్గ మొదలుపెట్టాడు. కాసేపటికి మోటారు సైకిలు వెళ్ళిన చప్పుడు వినపడింది. ఎటు వెళ్ళిందో చూడటానికి ఎవరూ తల తిప్పలేదు.

పటిక రాస్తే మాస్టారు ఉలిక్కిపడి లేచాడు. మెడ తడుముకున్నాడు. "ఊఁ" అన్నాడు. ఆయన మార్కులు వేయడంలో పిసినారి. ఊఁ అంటే తొంభై దాటినట్టు.

తర్వాత ఎవరు అన్నది ప్రశ్న కాకుండా పోయింది. నాకు మర్నాడు ఫోటో ఉంది. నేను లేచాను, పండ్లాయన కూడా లేచాడు, కుర్చీ దగ్గర ఇద్దరం భుజాలు రాసుకున్నాం. "నీకు ఫ్యాను గాలి పడదు కదా" అన్నాను. "ఇవాళ పడుతుంది" అన్నాడు. చివరికి బాబాయే తీర్పు చెప్పాడు, కట్టు ఉన్న చేత్తో నన్ను చూపించి.

కొత్తాయన నా తల చేసిన తీరు గురించి ఏమని చెప్పను, అంత మెత్తగా నా తలను మా అమ్మ తర్వాత ఎవరూ పట్టుకోలేదు. అంతా అయ్యాక చేతి అద్దం తీసి నా వెనక పట్టాడు. నాకూ బాబాయికీ ఉన్న ఒప్పందం గురించి అతనికెవరూ చెప్పలేదు. అద్దంలోని అద్దంలో ఏళ్ళ తరబడి నేను చూడనిది కనపడింది. గుండ్రంగా, నున్నగా, టీ సాసరంత ఉంది.

బాబాయి అవతల నిలబడి కంగారుగా సైగలు చేస్తున్నాడు, తియ్యి తియ్యి అని. కొత్తాయనకు అర్థం కాలేదు.

"ఇది ఎప్పట్నుంచి?" అని అడిగాను.

"నాకు తెలీదు సార్. నేను కొత్త" అన్నాడు కొత్తాయన.

దోవలో మాస్టారును పట్టుకుని అడిగాను, నిజంగానే నిద్రపోయారా అని. ఆయన నడక ఆపకుండా, "నువ్వు ఆ కుర్చీలో కూర్చున్నావు కదా, నిద్ర వచ్చిందా?" అన్నాడు. రాలేదన్నాను. "అయితే నీకు చెప్పినా అర్థం కాదు" అని కుడివైపు తిరిగి వెళ్ళిపోయాడు.

అందరూ మారిపోయారని చెబితే అది మాస్టారు చదివిన పుస్తకంలోంచి తీసినట్టు ఉంటుంది. సెగ్గడ్డ ఆయన ఇప్పటికీ రెండో కుర్చీలో కూర్చోడు, సెగ్గడ్డ పోయి చాలాకాలమైనా. ఆ తలుపు తీయని ఇంటి తలుపు ఇంకా తీయలేదు. కొత్తాయన అప్పుడప్పుడూ ఆ వీధికి వెళ్ళి, గేటు బయట కాసేపు నిలబడి వస్తాడు. మాస్టారు ఆ పుడకల సామెత మానలేదు. కాకపోతే అనేటప్పుడు ఇప్పుడు అద్దంలో తనకేసి చూసుకుంటూ అంటాడు.

బాబాయి మాత్రం ఆ తర్వాత చాలాకాలం కట్టు విప్పలేదు. విప్పితే మళ్ళీ అందరూ మొదటి కుర్చీకే వస్తారని అనుమానం. మీసం తిరిగి మొలిచింది, చివర్లు మళ్ళీ మెలిక తిరిగాయి, చెయ్యి మాత్రం తగ్గలేదు. పొద్దున్నే ఆయన ఏ చేతికి కట్టుకుని వస్తాడో పిన్నికి కూడా తెలిసేది కాదు.

అందుకని ఏ చెయ్యో గుర్తుపెట్టుకునే పని మేమే పంచుకున్నాం. ఆయన గుమ్మంలోకి రాగానే బల్లమీద ఎవడో ఒకడు పేపరు మీదనుంచి తల ఎత్తకుండా మెల్లగా అనేవాడు.

"బాబాయ్, ఇవాళ కుడిచెయ్యి."

బాబాయి లోపలికి వెళ్ళి మార్చుకుని వచ్చేవాడు.